విదేశీ సిమ్ కొనేముందు ఇండియా సిమ్ సంగతి తేల్చుకోండి

టూర్ బుక్ చేసుకున్నవాళ్లు నన్ను మొదట అడిగేది భోజనం గురించి, ఆ తర్వాత సిమ్ గురించి. "అక్కా, అక్కడ ఏ సిమ్ మంచిది?" అంటారు. దానికి నేను తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను. "మీ బ్యాంకు ఓటీపీలు ఏ నంబరుకి వస్తాయి? ఆ సిమ్ ఏ ఫోన్‌లో ఉంది?" ఈ రెండూ తేలాకే మిగతా మాట.

నేను హైదరాబాద్ నుంచి గ్రూపుల్ని తీసుకెళ్లే టూర్ మేనేజర్‌ని. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్, దుబాయ్, యూరప్, ఎక్కువగా ఈ దారుల్లోనే తిరుగుతాను. నా బస్సులో రిటైరైన లెక్చరర్లు ఉంటారు, కొత్త జంటలు ఉంటారు, మొదటిసారి విమానం ఎక్కిన అమ్మానాన్నలు ఉంటారు. అందరికీ ఒకే సలహా ఇస్తే ఎవరో ఒకరు ఇబ్బంది పడటం ఖాయం. అందుకే ఏ కంపెనీ చవక అనేది కాకుండా, మీ ప్రయాణానికి ఏది నప్పుతుందో తేల్చుకునే పద్ధతి చెప్తాను. ధరలు ఊరికే మారుతుంటాయి కాబట్టి రాయడం లేదు. బయల్దేరే వారం ముందు మీ కంపెనీ యాప్‌లో చూసుకోండి.

ముందు మన నంబరు

మన డబ్బు, టికెట్లు, వాట్సాప్ అన్నీ ఆ పదంకెల నంబరుకే ముడిపడి ఉన్నాయి. తిరుగు టికెట్ మార్చుకోవాలన్నా, ఇంటి దగ్గర కరెంటు బిల్లు కట్టాలన్నా, కార్డు లిమిట్ పెంచుకోవాలన్నా ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. అలాంటి సిమ్‌ని ఫోన్‌లోంచి పీకేసి అక్కడి సిమ్ వేసుకోవడమే చాలామంది చేసే మొదటి పని.

ఒకసారి స్విట్జర్లాండ్‌లో, లూసర్న్‌లో, మా గ్రూపులోని ఒక పెద్దాయన మనవడికని వాచీ ఎంచుకున్నారు. కార్డు పెడితే తీసుకోలేదు. 2020 మార్చి నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులకి విదేశీ వాడకం మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. సరే, బ్యాంకు యాప్‌లో ఆన్ చేద్దామని తెరిచారు. రిజిస్టరైన సిమ్ ఫోన్‌లో కనిపించడం లేదని యాప్ లోపలికే రానివ్వలేదు. ఆ సిమ్ ఎక్కడుందయ్యా అంటే, పాస్‌పోర్టు కవరు లోపల సెల్లోటేపు వేసి అంటించి ఉంది. ట్రే తీసే పిన్ను లేదు. ఆంటీగారి చెవి దిద్దు కాడతో ట్రే తీశాం. గోరుతో టేపు ఊడదీసి, జిగురు తుడిచి, సిమ్ పెట్టాం. నెట్‌వర్క్ రాలేదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆ నంబరుకి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించలేదు. చివరికి పక్క సీటులోని ప్రయాణికుడు తన కార్డుతో కట్టారు.

ఇక్కడ ఒక తేడా బాగా గుర్తుపెట్టుకోండి. ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు వేరు, ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ వేరు. సర్వీసు ఆన్‌లో ఉంటే మీ సిమ్ విదేశీ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది. ఓటీపీలు రావడానికి మామూలుగా అది ఉంటే చాలు. మాట్లాడటానికీ, డేటా వాడటానికీ డబ్బు కట్టి తీసుకునేది ప్యాక్. విదేశంలో మనకు వచ్చే ఎస్సెమ్మెస్‌కి మన కంపెనీలు మామూలుగా డబ్బు తీసుకోవు. అంటే డేటా కోసం అక్కడి సిమ్ కొన్నా, ఇండియా సిమ్‌ని రెండో స్లాటులో ఓటీపీల కోసం ఊరికే ఉంచుకోవచ్చు. నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మందికి నేను చెప్పేది ఇదే పద్ధతి.

అలా ఉంచుకునేటప్పుడు నాలుగు పనులు చేయాలి. ఇండియాలో ఉండగానే జియో, ఎయిర్‌టెల్, వీ, మీది ఏదైతే దాని యాప్‌లోకి వెళ్లి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయిందో లేదో కళ్లతో చూసుకోండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ ప్లాన్‌కి వచ్చే ఎస్సెమ్మెస్‌లు ఉచితమేనా అని ఒక్కమాట అడగండి. ప్రీపెయిడ్ అయితే మామూలు రీఛార్జి గడువు మీరు తిరిగొచ్చాక కూడా కొన్ని రోజులు ఉండేలా వేయించుకోండి. టూర్ మధ్యలో గడువు అయిపోతే రోమింగ్ కూడా ఆగిపోవచ్చు. ఇక నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో అయితే మొబైల్ డేటా సెట్టింగులో ఉండే 'అలౌ మొబైల్ డేటా స్విచింగ్' కూడా ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే లోకల్ సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడల్లా ఫోన్ తనంతట తాను ఇండియా సిమ్ డేటాకి మారిపోతుంది. పోస్ట్‌పెయిడ్ వాళ్లకి ప్యాక్ లేకుండా డేటా నడిస్తే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది.

కాల్ సంగతి. రోమింగ్‌లో ఫోన్ మోగితే ఖర్చు లేదు, ఎత్తితేనే ఖర్చు. ప్యాక్ లేనప్పుడు మన వైపు నుంచి వచ్చే కాల్ ఎత్తినా మనకే పడుతుంది. కాబట్టి బయల్దేరే ముందే చుట్టాలందరికీ "ఫలానా తేదీ దాకా వాట్సాప్‌లోనే మాట్లాడండి" అని చెప్పేయండి. అమ్మమ్మకి, నాన్నకి వాట్సాప్ కాల్ ఎలా చేయాలో ఇంట్లో కూర్చోబెట్టి చూపించి వెళ్లండి. మీరు విమానంలో ఉన్నప్పుడు వాళ్లు పడే ఆందోళన సగం తగ్గుతుంది.

వాట్సాప్ విషయంలో ఇంకో మాట. కొత్త సిమ్ వేయగానే నంబరు మార్చుకుంటారా అని అడిగితే వద్దనండి. పాత నంబరు మీదే వాట్సాప్ నడుస్తుంది. పైగా 2025 నవంబరులో మన టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్ లాంటి యాప్‌లకి ఆదేశాలిచ్చింది. రిజిస్టరైన సిమ్ ఫోన్‌లో ఉంటేనే అవి పనిచేసేలా చూడాలన్నది దాని సారాంశం. ఇండియా సిమ్ ఫోన్‌లోనే ఉంచుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

ఫోన్‌పే, గూగుల్ పే ఉన్నవాళ్లు విదేశంలో ఉన్నన్నాళ్లు ఆ యాప్‌లని తీసేయొద్దు, ఫోన్ మార్చొద్దు. యూపీఐ కొత్త ఫోన్‌లో మొదలుపెట్టాలంటే మీ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రోమింగ్‌లో అది వెళ్తుందన్న నమ్మకం లేదు.

సిమ్ పాడైందనో, పాతదైందనో బయల్దేరే ముందు రోజు మార్పించుకోవద్దు. సిమ్ మార్చాక 24 గంటలపాటు ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు ఆపుతారు. మోసగాళ్లు మన పేరుతో సిమ్ తీసుకుని ఖాతాలు ఖాళీ చేయకుండా పెట్టిన జాగ్రత్త అది, మంచిదే. కానీ శంషాబాద్‌లో చెక్-ఇన్ లైన్లో నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూసేవాళ్లకి ఆ 24 గంటలు చాలా కష్టం. కనీసం వారం ముందే మార్పించుకోండి.

మీ ఫోన్ ఒప్పుకుంటుందా?

సిమ్ ఎంపికలో సగం నిర్ణయం మీ చేతిలో ఉన్న ఫోనే చేసేస్తుంది. డయలర్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్లతోపాటు ఈఐడీ అని 32 అంకెల నంబరు కనిపిస్తే మీ ఫోన్‌కి ఇ-సిమ్ సదుపాయం ఉన్నట్టు. ఇ-సిమ్ అంటే ప్లాస్టిక్ ముక్క ఏమీ ఉండదు. ఫోన్ లోపలే ఉన్న చిప్‌లోకి కంపెనీవాళ్లు పంపిన వివరాలు దిగుతాయి. ఐఫోన్లలో 2018లో వచ్చిన టెన్-ఎస్ నుంచి ఇది ఉంది. ఆండ్రాయిడ్‌లో మోడల్‌ని బట్టి ఉంటుంది, ఒకే పేరున్న ఫోన్‌కి ఒక దేశంలో ఉండి ఇంకో దేశంలో ఉండకపోవచ్చు. అందుకే డబ్బాని నమ్మకండి, *#06# కొట్టి చూడండి.

హైదరాబాద్‌లో అమెరికా నుంచి అన్నయ్యో, మేనల్లుడో తెచ్చిన ఐఫోన్లు లేని ఇల్లు తక్కువ. వాటితో రెండు చిక్కులున్నాయి. ఒకటి, అక్కడ వాయిదాల మీద కొన్న ఫోను ఒక కంపెనీకే లాక్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్, అందులో క్యారియర్ లాక్ అన్నచోట 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉండాలి. అలా లేకపోతే ఆ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. లాక్ తీయాల్సింది అమ్మిన కంపెనీయే, కాబట్టి మేనల్లుడితోనే అడిగించండి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో తీయించుకుందామని ప్రయాణానికి ముందు ప్రయోగాలు చేయొద్దు. రెండు, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రేనే లేదు. వాటిలో ఇండియా నంబరు కూడా ఇ-సిమ్‌గానే వేసుకోవాలి, విదేశీదీ ఇ-సిమ్మే కావాలి. ఎయిర్‌పోర్టులో ప్లాస్టిక్ సిమ్ కొంటే పెట్టే చోటు ఉండదు.

ట్రే ఉన్న ఫోన్ అయితే నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను. ఇండియా నంబరు ప్లాస్టిక్ సిమ్‌లో ఉండనివ్వండి, విదేశీదాన్ని ఇ-సిమ్‌గా తీసుకోండి. కారణం ఉంది. విదేశంలో ఫోన్ నీళ్లలో పడి చచ్చిపోయిందనుకోండి, ప్లాస్టిక్ సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే ఐదు నిమిషాల్లో ఓటీపీలు వస్తాయి. అదే ఇండియా నంబరు ఇ-సిమ్‌లో ఉంటే దాన్ని కొత్త ఫోన్‌లోకి తెచ్చుకోవడానికి మళ్లీ కంపెనీ ధ్రువీకరణలన్నీ చేయాలి. విదేశం నుంచి అది అయ్యే పని కాదనే అనుకోండి.

మూడు దారులు

మొదటిది, మన కంపెనీ రోమింగ్ ప్యాక్. దీన్ని ఖరీదని చాలామంది తీసిపారేస్తారు. నేను మాత్రం అరవై దాటినవాళ్లకి, ఇంగ్లిష్ సెట్టింగులు చూస్తే కంగారుపడేవాళ్లకి ఇదే తీసుకోమంటాను. సిమ్ మార్చక్కర్లేదు, నంబరు మారదు, ఇంటి నుంచి మామూలు కాల్ వచ్చినా ఎత్తొచ్చు. ఐదారు రోజుల సింగపూర్ ప్రయాణంలో లోకల్ సిమ్‌తో మిగిలే డబ్బుకంటే, పెద్దవాళ్లు తప్పిపోతే ఫోన్ ఎత్తుతారన్న ధైర్యం నాకు ఎక్కువ. ప్యాక్ తీసుకునేటప్పుడు మీరు వెళ్లే దేశాలన్నీ జాబితాలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడండి. కాల్ నిమిషాల్లో వచ్చే కాల్స్ కూడా లెక్కకొస్తాయా, ఆ దేశంలోని లోకల్ నంబరుకి చేస్తే లెక్క ఎలా, ఇవి చదవండి. దుబాయ్‌లో ఉండి లండన్‌కి కాల్ చేస్తే అది సాధారణంగా ప్యాక్‌లోకి రాదు, విడిగా పడుతుంది.

దోహా, అబుదాబి మీదుగా యూరప్ వెళ్లేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. మధ్యలో విమానం మారేచోట ఫోన్ డేటా వాడితే కొన్ని ప్యాకులు అక్కడి నుంచే మొదలవుతాయి. ఒక్కరోజు ప్యాక్ అయితే పారిస్ చేరేసరికి సగం అయిపోతుంది. ట్రాన్సిట్‌లో ఫ్లైట్ మోడ్‌లోనే ఉంచి ఎయిర్‌పోర్టు వైఫై వాడుకోండి.

రెండోది, ట్రావెల్ ఇ-సిమ్. ఆన్‌లైన్‌లో కొంటే మెయిల్‌కి క్యూఆర్ కోడ్ వస్తుంది. స్కాన్ చేస్తే డేటా సిద్ధం. ఇందులో చాలావాటికి ఫోన్ నంబరు ఉండదు, డేటా మాత్రమే. టాక్సీ బుక్ చేసుకోవడం, దారి చూసుకోవడం, వాట్సాప్ వీటికి అది చాలు. నాలుగైదు దేశాలు తిరిగే యూరప్ టూర్‌కి ఇదే నా మొదటి ఎంపిక. అయితే ఎవరి దగ్గర కొంటున్నారో చూసుకోండి. 2024 జనవరిలో టెలికాం శాఖ ఆదేశంతో ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లని ఇండియా యాప్ స్టోర్లలోంచి తీసేశారు. మన దేశంలో విదేశీ సిమ్ అమ్మాలంటే టెలికాం శాఖ నిరభ్యంతర పత్రం ఉండాలి, కొనేవాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు తీసుకోవాలి. కాబట్టి ఎవరైనా పాస్‌పోర్టు కాపీ, వీసా అడిగితే విసుక్కోకండి. ఏమీ అడక్కుండా వాట్సాప్‌లో క్యూఆర్ పంపిస్తాననేవాణ్ని మాత్రం దూరం పెట్టండి.

'అన్‌లిమిటెడ్' అన్న మాట కనిపిస్తే కింద చిన్న అక్షరాలు చదవండి. రోజుకి ఒకటో రెండో జీబీ దాటాక వేగం పూర్తిగా పడిపోయేవే ఎక్కువ. హాట్‌స్పాట్ ఇవ్వొచ్చా లేదా అన్నది కూడా అక్కడే ఉంటుంది. ఒక్కరు పెద్ద ప్లాన్ కొని ఇంట్లో నలుగురికీ హాట్‌స్పాట్ ఇద్దామనుకునే కుటుంబాలకి ఇది ముఖ్యం. అసలు నలుగురికీ ఒక్క డేటా మీద ఆధారపడటం నాకు నచ్చదు. నాన్న బాత్రూమ్‌కి వెళ్తే మిగతా ముగ్గురికీ దారి తెలియదు. ఇద్దరి దగ్గరైనా విడిగా ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు అమ్మ అయితే మంచిది. ఎందుకంటే షాపుల్లో విడిపోయేది ఎక్కువగా వాళ్లే.

మూడోది, దిగాక కొనే లోకల్ సిమ్. ఎక్కువ రోజులుండేవాళ్లకి, లోకల్ నంబరు అవసరమైనవాళ్లకి ఇదే సరైనది. ఎయిర్‌పోర్టు కౌంటర్లో ధర ఊళ్లో కంటే ఎక్కువే ఉండొచ్చు, కానీ కౌంటర్లోని పిల్లలు సిమ్ వేసి, ఆన్ అయ్యేదాకా చూసి ఇస్తారు. రాత్రి పదకొండింటికి దిగేవాళ్లకి ఆ సాయం విలువైనది. చాలా దేశాల్లో పాస్‌పోర్టు చూపించాల్సిందే. కౌంటరు వదిలేముందు బ్రౌజర్‌లో ఏదైనా పేజీ తెరిచి చూడండి, లోకల్ నంబరు కాగితం మీద రాయించుకోండి, తీసిన ఇండియా సిమ్ ఏమైనా ఉంటే ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పండి.

దేశాన్ని బట్టి

సింగపూర్, థాయ్‌లాండ్ సులువు. సింగపూర్‌లో సింగ్‌టెల్, స్టార్‌హబ్, ఎం1, థాయ్‌లాండ్‌లో ఏఐఎస్, ట్రూ. రెండు దేశాల్లోనూ టూరిస్టుల కోసం విడిగా సిమ్‌లు ఉంటాయి, సెవెన్-ఇలెవెన్ షాపుల్లోనూ దొరుకుతాయి. సింగపూర్ నుంచి బస్సులో వంతెన దాటి జొహర్ బహ్రు మీదుగా మలేషియా వెళ్లే టూర్ అయితే సింగపూర్ సిమ్‌లో మలేషియా రోమింగ్ కలిసి ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. వంతెన దాటగానే డేటా ఆగిపోతే మా లోకల్ గైడుకి ఫోన్ చేయడానికి కూడా కుదరదు.

దుబాయ్‌లో ఎతిసలాత్ (ఇప్పటి పేరు e&), డు సిమ్‌లు ఎయిర్‌పోర్టులోనే దొరుకుతాయి. అయితే అక్కడ వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి కానీ వాట్సాప్ కాల్స్ మీద ఆంక్ష ఉంది. ఇంట్లో చెప్పకుండా వెళ్తే వాళ్లు కాల్ చేసి చేసి భయపడతారు. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌ని రెండు వైపులా ముందే వేసుకోండి. దుబాయ్‌కి మాత్రం కాల్ నిమిషాలున్న ఇండియా ప్యాక్ తీసుకోమని పెద్దవాళ్లకి నేను గట్టిగానే చెప్తాను.

సౌదీలో సిమ్ ఇవ్వాలంటే వేలిముద్ర తీసుకుంటారు. టోలిచౌకి, మెహదీపట్నం నుంచి ఉమ్రాకి వెళ్లే పెద్దవాళ్లలో వేలిముద్రలు సరిగా పడనివాళ్లుంటారు. వాళ్ల కోసం రోమింగ్ ప్యాక్ వేయించి పంపడమే నయం.

జపాన్‌లో టూరిస్టులకి అమ్మేవి ఎక్కువగా డేటా సిమ్‌లే, మాట్లాడే నంబరు సాధారణంగా అక్కడ నివాసం ఉన్నవాళ్లకే. చైనాలో వాట్సాప్, గూగుల్ రెండూ మూసేసి ఉంటాయి. అక్కడి లోకల్ సిమ్ కొంటే అవి తెరుచుకోవు. రోమింగ్‌లో ఉన్న మన సిమ్ డేటా మన దేశపు నెట్‌వర్క్ మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి అవి పనిచేస్తాయి. కాంటన్ ఫెయిర్‌కి గ్వాంగ్‌జౌ వెళ్లే బేగంబజార్ వ్యాపారులకి రోమింగ్ ప్యాకే దారి.

యూరప్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశపు సిమ్‌ని మిగతా సభ్యదేశాల్లో అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా వాడుకోవచ్చు. నార్వే, ఐస్‌లాండ్, లీక్‌టెన్‌స్టైన్ కూడా ఇందులో ఉన్నాయి. పారిస్‌లో కొన్న సిమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లో, రోమ్‌లో నడుస్తుంది, డేటాకి కొంత హద్దు ఉంటుందంతే. కానీ మన తెలుగువాళ్ల యూరప్ టూర్‌లో తప్పకుండా ఉండే రెండు చోట్లు, స్విట్జర్లాండ్, లండన్, ఆ నియమం కిందకి రావు. కొన్ని కంపెనీలు వాటిని కలుపుతాయి, కొన్ని కలపవు. కాబట్టి 'యూరప్' అని పెద్దక్షరాల్లో రాసి ఉంటే సరిపోదు, దేశాల జాబితాలో స్విట్జర్లాండ్, యునైటెడ్ కింగ్‌డమ్ పేర్లు కనిపించాలి. ఇంటర్‌లాకెన్‌లో పిల్లలు యుంగ్‌ఫ్రావ్ మంచు వీడియో పంపాలని చూస్తుంటే డేటా లేకపోవడం అనే బాధ నేను బస్సులో చాలాసార్లు విన్నాను. జర్మనీలో ప్రీపెయిడ్ సిమ్‌కి గుర్తింపు పరీక్ష గట్టిగా ఉంటుంది. ఒకటి రెండు రోజులే ఉండే టూరిస్టులు అక్కడ కొనే ప్రయత్నం చేయకపోవడం మంచిది.

అమెరికా నా దారి కాదు, కానీ నాతో యూరప్ వచ్చినవాళ్లే ఆ తర్వాత పిల్లల దగ్గరికి వెళ్తూ అడుగుతుంటారు. ఆరు నెలలు ఉండబోయే అమ్మానాన్నలకి టూరిస్టు ఇ-సిమ్ దండగ. అబ్బాయి లేక అమ్మాయి ఫ్యామిలీ ప్లాన్‌లో ఇంకో లైను కలిపించుకోవడం, లేదా నెలవారీ ప్రీపెయిడ్ తీసుకోవడం మేలు. టి-మొబైల్, ఏటీ అండ్ టీ, వెరైజాన్ ఈ మూడే అక్కడి పెద్ద నెట్‌వర్కులు. వాటిలో పిల్లల ఇంట్లో, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఏది పలుకుతుందో అడిగి తీసుకోండి. ఇండియా ఫోన్‌తో వెళ్లేవాళ్లకి అసలు సమస్య వేరే ఉంది. ఆ మూడు కంపెనీలూ 2022 చివరికి 3జీ ఆపేశాయి. ఇప్పుడు మామూలు కాల్ వెళ్లాలంటే మీ ఫోన్‌లో వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, ఆ నెట్‌వర్క్‌తో కుదరాలి. కుదరకపోతే డేటా వస్తుంది, వాట్సాప్ నడుస్తుంది, కానీ మామూలు కాల్ వెళ్లదు. అత్యవసరమైతే 911కి చేయాల్సిన ఫోన్ అది. అందుకే వెళ్లకముందే ఆ కంపెనీ సైట్‌లో మీ ఐఎంఈఐ కొట్టి పనిచేస్తుందా అని పిల్లలచేత చూపించుకోండి. ఇండియాలో అమ్మే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి టి-మొబైల్ ఊరి బయట వాడే బ్యాండ్ 71 అనే రకం సిగ్నల్‌ని పట్టుకునే సదుపాయం ఉండదు. నగరంలో బాగానే ఉండి, హైవే మీద సిగ్నల్ పోవడానికి అదొక కారణం. పిల్లల పాత ఐఫోన్ ఒకటి ఉంటే అమెరికా నంబరు అందులో వేసుకుని, ఇండియా సిమ్‌ని మీ ఫోన్‌లోనే ఉంచుకోవడం అన్నిటికంటే నిశ్చింత.

అంతకాలం ఉండేవాళ్లు ఇండియా నంబరు చావకుండా చూసుకోవాలి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే తీసేయొచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే నెల చొప్పున పొడిగించే ఏర్పాటు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల్లో ఉంది. కానీ పింఛను, బ్యాంకు, గ్యాస్ అన్నీ ఆ నంబరు మీద పెట్టుకుని 20 రూపాయల మీద భారం వేయొద్దు. వెళ్లేముందు ఏడాది గడువున్న రీఛార్జి వేయించండి.

ఇ-సిమ్ వేసుకునే వరస

ఇది ఎయిర్‌పోర్టులో చేసే పని కాదు. ముందు రోజు రాత్రి ఇంట్లో వైఫై ఉన్నప్పుడు, భోజనం అయ్యాక తీరిగ్గా కూర్చుని చేయండి. క్యూఆర్ కోడ్‌ని అదే ఫోన్ స్క్రీన్ మీద పెట్టుకుని అదే ఫోన్‌తో స్కాన్ చేయడం చాలా ఫోన్లలో కుదరదు, కాబట్టి ఇంకో ఫోన్లోకి పంపుకోండి, లేదా ప్రింట్ తీసుకోండి. సెట్టింగ్స్‌లో యాడ్ ఇ-సిమ్ నొక్కి స్కాన్ చేస్తే ఒకటి రెండు నిమిషాల్లో దిగుతుంది. దానికి వెంటనే పేరు పెట్టండి, 'యూరప్' అనో 'సింగపూర్' అనో. ఫోన్ పెట్టే 'సెకండరీ', 'ట్రావెల్' లాంటి పేర్లతో ఉంటే దిగాక ఏది ఏదో తెలియక తారుమారు చేస్తారు. తర్వాత ఆ లైను ఆఫ్ చేసేయండి. కొన్ని ప్లాన్లకి గడువు వేసిన రోజు నుంచే మొదలవుతుంది, కొన్నిటికి అక్కడి నెట్‌వర్క్ తగలగానే మొదలవుతుంది. మీది ఏదో చదివి, మొదటి రకం అయితే బయల్దేరే రోజే వేసుకోండి.

ఒకసారి దిగిన క్యూఆర్ మామూలుగా రెండోసారి పనిచేయదు. ప్రయాణంలో డేటా రావడం లేదని విసుగుతో ఇ-సిమ్‌ని డిలీట్ చేస్తే డబ్బు పోయినట్టే. డేటా రాకపోతే ఈ వరసలో చూడండి: డేటా కోసం ఎంచుకున్న లైను ఆ ఇ-సిమ్మేనా? దానికి డేటా రోమింగ్ ఆన్‌లో ఉందా? ట్రావెల్ ఇ-సిమ్ కూడా రోమింగ్ మీదే నడుస్తుంది కాబట్టి దానికి మాత్రం ఆన్‌లోనే ఉండాలి, ఇండియా సిమ్‌కి ఆఫ్‌లో ఉండాలి. అప్పటికీ రాకపోతే ఆ లైను సెట్టింగుల్లో ఏపీఎన్ అన్నచోట కంపెనీ మెయిల్‌లో ఇచ్చిన పేరు ఉందా చూసి, ఫోన్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయండి. నా బస్సులో "నెట్ రావట్లేదు" అన్నవాళ్లలో ఎక్కువమందిది ఆ రోమింగ్ మీటే.

డేటా ఎంత కావాలంటే, దారి చూసుకోవడానికి చాలా కొద్దిగా పడుతుంది, వీడియోలు తినేస్తాయి. వాట్సాప్ వీడియో కాల్‌కి నిమిషానికి సుమారు 5 ఎంబీ వేసుకోండి. రోజుకి అరగంట ఇంటికి వీడియో కాల్ చేసేవాళ్లకి, మ్యాప్స్, మెసేజీలతో కలిపి రోజుకి అర జీబీ నుంచి ఒక జీబీ ధారాళంగా సరిపోతుంది. అది సరిపోవాలంటే వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోల ఆటో-డౌన్‌లోడ్ ఆపాలి, గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌ని హోటల్ వైఫైకే పరిమితం చేయాలి. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే శుభోదయం వీడియోలన్నీ తెల్లారేసరికి దిగిపోయి, టిఫిన్ టైముకి ఆ రోజు డేటా సగం అయిపోయిన ఫోన్లు చాలా చూశాను. మ్యాప్స్‌లో వెళ్లే ఊళ్లని ఆఫ్‌లైన్‌గా, ట్రాన్స్‌లేట్‌లో ఆ భాషని ముందే దింపుకోండి. ఫోన్ నంబర్లన్నీ +91తో సేవ్ చేసి ఉండాలి. ఉత్త పదంకెలుంటే విదేశీ సిమ్ నుంచి కాల్ వెళ్లదు.

విమానం ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టండి, దిగేదాకా తీయొద్దు. కొన్ని విమానాల్లో, క్రూయిజ్ ఓడల్లో వాటి సొంత నెట్‌వర్క్ ఉంటుంది. ఫోన్ దాన్ని పట్టుకుంటే ఛార్జీ చాలా ఎక్కువ, మామూలు రోమింగ్ ప్యాక్‌లోకి అది చాలాసార్లు రాదు. దిగాక ఫ్లైట్ మోడ్ తీస్తే కొద్ది నిమిషాల్లో ఇండియా సిమ్‌కి మీ కంపెనీ నుంచి స్వాగతం మెసేజ్ వస్తుంది. అది వచ్చిందంటే మీ ఓటీపీల దారి తెరిచి ఉన్నట్టే. రాకపోతే ఎయిర్‌పోర్టు వైఫై ఉండగానే, బస్సెక్కకముందే, కంపెనీ యాప్‌లోని చాట్‌లో అడగండి.

చివరగా ఒక కాగితం. పర్సులో పాస్‌పోర్టు ఫొటోకాపీతోపాటు పెట్టుకోండి. దాని మీద మీ మొబైల్ కంపెనీకి విదేశం నుంచి చేయాల్సిన కస్టమర్ కేర్ నంబరు, బ్యాంకు కార్డు బ్లాక్ చేసే నంబరు, ఇంట్లో ఇద్దరి నంబర్లు, హోటల్ పేరు, మీ ఐఎంఈఐ రాసుకోండి. ఫోన్ పోతే ఎవరి ఫోన్ నుంచైనా ముందు సిమ్ బ్లాక్ చేయించాలి, ఆ తర్వాతే కార్డులు, ఆ తర్వాతే పోలీసు కంప్లయింటు. సిమ్ దొంగ చేతిలో ఉంటే ఓటీపీలు వాడికే వెళ్తాయి. ప్లాస్టిక్ సిమ్‌కి పిన్ లాక్ పెట్టుకుంటే ఇంకా మంచిది. వేరే ఫోన్‌లో వేసినా పిన్ కొట్టందే అది పనిచేయదు. ఆ పిన్ ఇంట్లో ఉండగా పెట్టి ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేసి చూసుకోండి, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అయిపోతుంది, తెరవడానికి పీయూకే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ కూడా కంపెనీ దగ్గర ముందే అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి.